అంకెలూ, పాత్రలూ

పాచికలతో ఆడే ఆటను గురించి సాహిత్య పత్రికలో చర్చ ఎందుకని కొందరు అడగవచ్చు. నేను ప్రస్తావిస్తున్న ఆటలో నలుగురైదుగురు ఒక బల్లచుట్టూ కూర్చుంటారు. ఒకరు నిర్వాహకుడుగా పరిస్థితిని వర్ణిస్తారు. తక్కినవారు తలొక పాత్ర ధరించి, ఆ పరిస్థితిలో ఏం చేస్తారో, ఏమంటారో చెబుతారు. కథ అప్పటికప్పుడు తయారవుతుంది. పాత్రపోషణ ఉన్నచోట, పాత్ర స్వభావం ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్న కూడా ఉంటుంది. ఆ ప్రశ్న మనకు సంబంధించినదే.

1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల రచనగా వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ప్రచురణ పొందిన ఈ తరహా ఆటల్లో మొదటిది. అందులో ప్రతి పాత్రకూ ఆరు శక్తులుంటాయి: బలం, తెలివి, వివేకం, దేహదారుఢ్యం, చురుకుదనం, ఆకర్షణ. ఒక్కొక్కదానికి మూడు పాచికలు వేసి కూడతారు. 3 మొదలు 18 వరకు ఏదైనా పడవచ్చు. 18 పడే అవకాశం 216లో ఒక్కటి.

తెలివి 6 పడిన పాత్రను చదువుకున్న యువకుడొకడు ఆడుతున్నాడనుకుందాం. ఒక చిక్కు ప్రశ్న ఎదురైంది. జవాబు అతనికి తెలుసు. చెప్పవచ్చునా? చెప్పరాదనీ, అంకెకు కట్టుబడటమే నిజమైన నటన అనీ కొందరి వాదన. ఆలోచించేది ఆటగాడే గనక అంకె అతని నోరు నొక్కరాదని మరికొందరి వాదన.

మొదటి వాదనలో చిత్తశుద్ధి ఉంది. కాని ఆచరణలో అది తెలివి 6 పడిన ప్రతి పాత్రనూ ఒకే మూసలో పోసిన విదూషకుణ్ణి చేస్తుంది. చదువురాని రైతును నవ్వులపాలు చేసే పాత నాటకాల అలవాటే ఇది. రెండవ వాదనకు స్వేచ్ఛ అనే మంచి పేరుంది. దాని ఫలితమేమిటి? బల్లదగ్గర ఎవరికి వాగ్ధాటి ఉందో వారిదే రాజ్యమవుతుంది. బండరాయి ఎత్తవలసి వచ్చినప్పుడు ఆటగాణ్ణి లేచి బండ ఎత్తమని ఎవరూ అడగరు, పాచిక వేస్తారు. సభలో మాట్లాడవలసి వచ్చినప్పుడు మాత్రం బిడియస్తుణ్ణి లేచి ఉపన్యసించమంటారు. అతని పాత్రకు ఆకర్షణ 18 ఉన్నా వృథా అవుతుంది. ఇంట్లో, బడిలో మాట నేర్చే వీలు కలిగినవాడు ఆటలోనూ ముందుంటాడు. ఇక్కడ అంకె బలహీనుడి పక్షాన నిలబడుతుందని గుర్తించాలి.

అసలు అంకె దేన్ని కొలుస్తుంది? ఒక పని తలపెడితే నెరవేరే అవకాశాన్ని కొలుస్తుంది. ఏ పని తలపెట్టాలో, ఎవరికోసం తలపెట్టాలో అందులో లేదు. గిరీశానికి ఆకర్షణ 17 వేద్దాం. సౌజన్యారావు పంతులుకూ 17 వేద్దాం. ఇద్దరి మధ్య ఉన్న భేదమంతా ఆ అంకెకు బయటనే ఉంది. విమర్శకుడికి కావలసింది ఆ భేదమే.

కొలతను మనిషి సారంగా పొరబడటం ఆటలకే పరిమితం కాదు. 1905లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే, సైమన్‌తో కలిసి బుద్ధిపరీక్షను రూపొందించినది, బడిలో వెనుకబడే పిల్లలను గుర్తించి సాయపడటానికి. ఇతరుల చేతుల్లో అది పుట్టుకతో వచ్చిన మారని బుద్ధికి ముద్ర అయింది. మన ఆలంకారికులు ఈ విషయంలో తొందరపడలేదు. సహజప్రతిభ లేకున్నా చదువుతో, శ్రమతో కొంత సాధించవచ్చని దండి అంగీకరించాడు. శక్తి, నిపుణత, అభ్యాసం మూడూ కలిసి ఒకే హేతువన్నాడు మమ్మటుడు.

ఈ ఆటల చరిత్రలోనూ ఆ వివాదమే నడిచింది. 1977లో వచ్చిన 'ట్రావెలర్' సాంఘిక హోదాను కూడా బలం, చదువులతోపాటు పాచికలతోనే నిర్ణయించింది. హోదా అర్హతను బట్టి గాక యాదృచ్ఛికంగా దక్కుతుందని ఆ నియమం ఒప్పుకున్నట్లే. 1978 నాటి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' నియమాలు స్త్రీపాత్రల బలానికి పురుషులకంటె తక్కువ గరిష్ఠ పరిమితి విధించాయి. జాతినిబట్టి శక్తులు కూడటం, తీసివేయటం కూడా ఉండేది. 2024 నాటి కూర్పులో ఆ అదనపు శక్తులు జాతినుంచి తొలగి, రైతు, సైనికుడు, లేఖరి వంటి పూర్వజీవితానికి చేరాయి. రక్తంనుంచి శ్రమవైపు జరిగిన ఈ మార్పు అభ్యుదయమే. ఐతే ఆటలో వృత్తిని ఆటగాడు ఎంచుకుంటాడు. జీవితంలో చాలామందికి ఆ ఎంపిక లేదు.

కనుక నా అభిప్రాయం ఇది. ఏం చెయ్యాలో ఆటగాడు నిర్ణయించాలి. అది ఎంతవరకు నెరవేరుతుందో అంకె నిర్ణయించాలి. తెలివి 6 ఉన్న పాత్ర లెక్క తప్పవచ్చు, దస్తావేజు చదవలేకపోవచ్చు. తనను మోసగిస్తున్నదెవరో తెలుసుకోలేదని గాని, తోటివాడి పక్షాన నిలబడలేదని గాని ఏ నియమమూ చెప్పదు. నిర్వాహకుడు సైతం, మాట రానివాడు తన ఉద్దేశాన్ని రెండు ముక్కల్లో చెబితే చాలుననుకుని, ఆపై పాచికను మాట్లాడనివ్వాలి.

ఏటా జవాబుపత్రాలు దిద్దే ఉపాధ్యాయులం మనం. 35 మార్కుల విద్యార్థి ఆ పత్రంలో ఎంత రాయగలిగాడో మనకు తెలుసు. ఏ పరిస్థితుల్లో చదివాడో, ఇకమీద ఏం చేయదలచాడో ఆ అంకె చెప్పదు. అది అతన్ని అడిగి తెలుసుకోవాలి.