పంకా తాడు అవతలి కొస

కొచ్చి వెళ్లినవాళ్లు చీనా వలల దగ్గర ఫొటోలు దిగి, దారిలోనే కదా అని సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో ఓసారి అడుగుపెట్టి వస్తారు. అక్కడ అందరూ ముందు గుమిగూడేది వాస్కోడిగామా సమాధి దగ్గర. చుట్టూ కమ్మీలు, నడుమ రాతిపలక. కింద గామా లేడు. 1524లో కొచ్చిలోనే కన్నుమూసిన ఆయన అస్థికలను కొన్నేళ్ల తర్వాత పోర్చుగల్ తీసుకుపోయారు. ఖాళీ గోతికి ఇంత గిరాకీ!

1503లో పోర్చుగీసువారు కర్రతో కట్టుకున్న ప్రార్థన మందిరం ఇది. 1516 నాటికి పక్కా కట్టడమైంది. 1663లో కొచ్చిని గెలిచిన డచ్చివారు దీన్ని తమ ప్రొటెస్టెంట్ ఆరాధనకు ఉంచుకున్నారు. 1795లో ఇంగ్లీషువాళ్లు వచ్చారు, ఆ తర్వాత ఆంగ్లికన్ పూజావిధానం వచ్చింది. ఇప్పుడిది సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వారి చర్చి. ఉత్తరపు గోడకు పోర్చుగీసు సమాధి పలకలు, దక్షిణపు గోడకు డచ్చివి. ఫిరంగులతో కొట్టుకున్న ఇద్దరూ ఎదురెదురుగా గోడకు ఆనుకుని ఉన్నారు, మధ్యలో మనం కూర్చునే బెంచీలు.

నన్ను ఆపినవి ఇవేవీ కావు, తలెత్తితే కనిపించే పాతకాలపు గుడ్డ పంకాలు. కరెంటు రాని రోజుల్లో వాటి తాళ్లు గోడ దాటి బయటికి వెళ్లేవి. ఆ కొస పట్టుకుని మనుషులు లాగుతుంటే లోపల గాలి ఆడేది. కీర్తన మొదలైనప్పటి నుంచి ఆశీర్వాదం దాకా ఆ చెయ్యి ఆగకూడదు. గోడల మీద అన్ని పేర్లున్నాయి కదా, వాళ్ల పేరు ఒక్కటీ లేదు.

తెల్లవాళ్లను వెక్కిరించడానికి ఈ మాట అనడం లేదు. మన గుళ్లలో మాత్రం? పొయ్యి దగ్గర ప్రసాదం వండుతున్నవాడికి హారతి వేళ దర్శనం ఎక్కడ దొరుకుతుంది?

ఆలయంలో నిష్ఠాపరుడైన పరిసయ్యుడు తన ఉపవాసాలు లెక్కచెప్పుకుంటుంటే, దూరంగా నిలబడి రొమ్ము కొట్టుకున్న, పన్నులు వసూలు చేసే సుంకరే నీతిమంతుడిగా ఇంటికి వెళ్లాడని యేసు చెప్పిన కథ క్రైస్తవ ఇళ్లలో పిల్లలకూ తెలుసు. ఆ సుంకరి దూరంగానైనా ఆలయంలోనే ఉన్నాడు. రొమ్ము కొట్టుకునే తీరికా ఉంది. తాడు లాగినవాడు గోడకు అవతల ఉన్నాడు, దణ్ణం పెట్టుకుందామన్నా చేతులు ఖాళీ లేవు. ఆ పూట ఆరాధనలో అతని పాలు ఎంతని ఏ బోధకుడైనా లెక్క తీశాడా?

కొచ్చి వెళితే గామా దగ్గర కాస్త సమయం మిగుల్చుకుని, బయట ఆ గోడవారన నిలబడి చూడండి. మిట్టమధ్యాహ్నమైతే మరీ మంచిది.