ఎక్కణ్ణుంచి వచ్చాయి?

పక్షుల చెరువు దగ్గర పనిచేసేవాళ్లను జనం ముందుగా అడిగే మాట ఒక్కటే: ‘ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయి?’ ఈ ప్రశ్న మాకు కొత్త కాదు. పుట్టిన ఊళ్లోనే, తాతముత్తాతల గోరీలున్న నేల మీదే, మమ్మల్నీ ఇదే అడుగుతారు. అందుకే దీని గురించి మాట్లాడే హక్కు మాకు రెండు విధాలా ఉందనుకుంటున్నాం.

మాలో కొందరం ఒక ప్రకృతి విద్యా కేంద్రంలో ఇంటర్న్ నేచురలిస్టులుగా పనిచేశాం. పేరు పెద్దది. పని మాత్రం తెల్లవారకముందే గట్టెక్కి గూళ్లు లెక్కపెట్టడం, నోటుబుక్కులో రాసుకోవడం, స్కూలు బస్సు వచ్చాక టెలిస్కోపును పిల్లల ఎత్తుకు దించి ఒక్కొక్కరికీ చూపించడం, మధ్యాహ్నం గాజుపెట్టెల్లోని ఈకలకూ గుడ్ల పెంకులకూ దుమ్ము దులపడం. చేతికొచ్చేది బస్సు ఖర్చులకు సరి. ఈ పనిలో నీతి ప్రశ్న ఏముంటుంది అనిపించొచ్చు. ఉంది. చూపించేవాడు ఏ పేరుతో చూపిస్తే, పిల్లవాడు ఆ పేరుతోనే చూడటం నేర్చుకుంటాడు.

గుంటూరు దగ్గర ఉప్పలపాడు, నెల్లూరు వైపు నేలపట్టు, శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం. ఏటా పక్షులు దిగగానే పత్రికలు ‘విదేశీ అతిథులు’, ‘సైబీరియా కొంగలు’ అని రాస్తాయి. ఈ చెరువుల్లో గూళ్లు కట్టేవాటిలో ముఖ్యమైనవి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. ఇవి రెండూ ఈ దేశపు పక్షులే. వాటికి సైబీరియా తెలియదు. ఇక్కడి చెట్టు మీదే గూడు, ఇక్కడి చేపే మేత, ఇక్కడే గుడ్డు, ఇక్కడే పిల్ల. నీళ్లు తగ్గితే ఇంకో చెరువుకు పోతాయి, వానలు పడ్డాక తిరిగి వస్తాయి. అసలు సైబీరియా కొంగ వేరే పక్షి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది. 2002 తర్వాత అక్కడా కనబడలేదు. అయినా మన వార్తల్లో అది ఏటా దిగుతూనే ఉంది. ఇక్కడే పుట్టినదాన్ని ఎవరూ చూడని దేశానికి పంపేసి, మళ్లీ అక్కణ్ణుంచి రప్పించి, అతిథి అని పేరు పెడుతున్నాం.

ఇది చదివి నవ్వుకోగలిగినవాళ్లు అదృష్టవంతులు. మా చొక్కా మీది పేరు చదివి, పిల్లల్ని తీసుకొచ్చిన మాస్టారు ‘మీదే ఊరండీ?’ అంటాడు. చెబుతాం. ‘అది కాదు, అసలు ఊరు?’ అంటాడు. ఆ తర్వాత ‘తెలుగు బాగా మాట్లాడుతున్నారే’ అని మెచ్చుకుంటాడు. ఇంట్లో అమ్మీతో ఉర్దూ కలిసిన తెలుగూ, తెలుగు కలిసిన ఉర్దూ మాట్లాడే మాకు ఆ మెప్పుకు ఏం బదులివ్వాలో తోచదు. ఆయన చెడ్డవాడేమీ కాదు. వెళ్తూ వెళ్తూ ‘మీ సలీం అలీ మహానుభావుడండీ’ అని కూడా అంటాడు.

సలీం అలీ మహానుభావుడే. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరి, వచ్చినవాళ్లకు పక్షుల్నీ జంతువుల్నీ వివరించాడు. ఆ లెక్కన మా పనికి ఆయనే పెద్ద. 1931లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే మొదలుపెట్టాడు. కానీ ఆయన ‘మీ’ సలీం అలీ ఎలా అయ్యాడు? ఆ ఒక్క మాటతో ఆయన్ని దేశం నుంచి విడదీసి మాకు కట్టబెడతారు. మాకేమో ఆయన పేరు మీద ఒక సర్టిఫికెట్ ఇస్తారు. మరి ఏ పక్షి పేరూ తెలియని సాయిబు సంగతేమిటి? బజార్లో పంక్చర్లు వేసుకునేవాడికి సర్టిఫికెట్ ఎవరిస్తారు?

ఇక్కడ సులువైన జవాబు ఒకటుంది. ‘ఇక్కడే గూడు కడతాయి కాబట్టి ఇవి మనవే.’ ఇది నిజం. పిల్లలకు నచ్చుతుంది కూడా. కానీ చాలదు. తలమీద రెండు నల్లచారలుండే పెద్దబాతు చలికాలంలో హిమాలయాలు దాటి మన చెరువులకు వస్తుంది. దాని గూడు టిబెట్, మంగోలియాల వైపు. ఇక్కడ గుడ్డు పెట్టదు. అయితే ఈ నీళ్ల మీద దానికి హక్కు లేదా? మిరపను తీసుకోండి. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లతో పాటు అమెరికా ఖండం నుంచి వచ్చింది. గుంటూరు యార్డులో దాన్ని ‘నీ అసలు ఊరేది’ అని అడిగినవాడు లేడు. రుచి ఇచ్చింది, డబ్బు ఇచ్చింది, మనదైపోయింది. అంటే పనికొస్తే మనది, పనికిరాకపోతే పరాయిదా? మిరపకు చెల్లిన ఈ న్యాయం మనిషికీ చెల్లితే, కొందరు బతికినన్నాళ్లూ తమ ఉపయోగాన్ని రుజువు చేసుకుంటూనే ఉండాలి.

అలాగని స్థానిక జాతి, పరాయి జాతి అన్న మాటలే అబద్ధమంటే అది చదువుకు ద్రోహం. సర్కారు తుమ్మ అల్లుకున్న బీడునూ, గుర్రపు డెక్క కప్పేసిన చెరువునూ చూసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు. కానీ ఆ మాట చెప్పేది ఒక జీవి ఒక చోట చేసే పని గురించి. దాని పుట్టుక మంచిదా చెడ్డదా అని కాదు. మన ఊరకాకినే చూడండి. చెత్త తింటుందని 1890ల్లో దాన్ని జాంజిబార్‌కు తీసుకెళ్లారు. తూర్పు ఆఫ్రికా తీరమంతా వ్యాపించి, అక్కడి చిన్న పిట్టల గుడ్లనూ పిల్లల్నీ తింటోంది. 2024లో కెన్యా ప్రభుత్వం పది లక్షల కాకుల్ని తొలగిస్తామని ప్రకటించింది. అక్కడ దాని పేరులో ‘ఇండియన్’ అని ఉంటుంది. ఇక్కడ పిండం ముట్టాలని జనం ఎదురుచూసేది ఆ కాకి కోసమే. కాకి మారలేదు, చోటు మారింది. మార్చింది మనిషి. సర్కారు తుమ్మను తెచ్చి నాటించిందెవరో దాని పేరే చెబుతోంది.

ఈ తేడా తెలిసినవాళ్లు ఊరుకోకూడదు. 2018లో ఎన్నికల సభల్లో ఒక పెద్ద నాయకుడు చొరబాటుదారుల్ని చెదపురుగులన్నాడు. 2019 ఆగస్టు 31న అస్సాంలో పౌరుల తుది జాబితా వస్తే 19 లక్షలకు పైగా పేర్లు అందులో లేవు. వాళ్లలో హిందువులున్నారు, ముస్లింలున్నారు. పురుగు, కలుపు, చొరబాటు: ఇవన్నీ పొలం నుంచీ ప్రకృతి పాఠం నుంచీ ఎత్తుకెళ్లిన మాటలే. మొక్క విషయంలో మేం ఆ మాట అనేముందు అది పక్కవాటిని ఏం చేస్తోందో కొలిచి చూస్తాం. మనిషి విషయంలో పేరు చూస్తే చాలంటున్నారు. మొక్కకు మనస్సాక్షి లేదు. అది మాట ఇవ్వదు, జవాబు చెప్పుకోదు. మనిషి చెప్పుకుంటాడు. చేసినదానికి చేసినవాణ్ణి అడగాలి. మొత్తం జాతిని వేళ్లతో పీకి గట్టున పడేయడం కలుపుతీత అవుతుంది గానీ న్యాయం కాదు.

కాబట్టి మూడు నెలల ఇంటర్న్ అయినా చేయగల పని ఒకటుంది. బోర్డు మీద ‘విదేశీ అతిథులు’ అన్నది చెరిపి, ఏ పక్షి ఏ నెలలో ఏ చెట్టు మీద ఎన్ని గూళ్లు కట్టిందో రాయడం. ఎక్కణ్ణుంచి వచ్చాయని అడిగిన పిల్లలకు ఉన్నదున్నట్టు చెప్పడం. ఆపైన ‘ఇక్కడ వీటికి ఏం కావాలి?’ అనే రెండో ప్రశ్న నేర్పడం. నీళ్లు, మేత, నరకని చెట్టు, రాయి విసరని చెయ్యి. గూడబాతుకైనా చారల బాతుకైనా ఈ జాబితా ఒకటే. మాకు కావలసినదీ ఇంతకంటే పెద్దదేమీ కాదు.