వణికే చేతికి కర్తృత్వం

మత్తుకు బానిసైనవాడు తన పనికి తానే కర్త అవునా, కాదా? మానసిక ఆరోగ్యంలో ఆక్యుపేషనల్ థెరపీ బోధించేవారు ఈ ప్రశ్నను దాటిపోలేరు. పాణిని వ్యాకరణం స్వతంత్రుణ్నే కర్త అంటుంది. ఆ లెక్కన, పొద్దువాలగానే కాళ్లు కల్లు దుకాణం దారి పట్టే మనిషి కర్త కాడు. కాడంటే చికిత్స ఎవరికి? అవునంటే తప్పంతా వాడిదేనని ఊరు తీర్పు చెప్పేస్తుంది.

నిజామాబాద్, బోధన్ ప్రాంతంలో ఇది పుస్తకాల్లో చిక్కు కాదు. చెట్టు కల్లు చాలక ఆల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపిన కల్లు ఇక్కడ ఏళ్ల తరబడి అమ్ముడైంది. తాగేవాడి దృష్టిలో మాత్రం అది ఉత్త కల్లే. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు జరిగి, అందులో ఆ మందులు తగ్గేసరికి జనం ఆస్పత్రులకు పరుగెత్తారు: చేతుల వణుకు, నిద్రలేమి, ఫిట్స్, తమలో తామే మాట్లాడుకోవడం. ఈ మందులు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. వైద్యుల కనుసన్నల్లో మెల్లగా తగ్గించాలి. గట్టిగా అనుకుని మానెయ్యమనడం ఇక్కడ హితబోధ కాదు, ప్రమాదం. అదే ఏడాది డిసెంబరులో బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ మూతపడింది. రెండింటికీ ముడిపెట్టనక్కర్లేదు గాని, మత్తు వదిలినవాడు ఏ పనిలోకి తిరిగి వెళ్లాలన్నది అప్పటినుంచి మరింత బరువైన ప్రశ్న.

అయితే పని అంటే ఉద్యోగమొక్కటే కాదు. 1922లో మానసిక వైద్యుడు అడాల్ఫ్ మేయర్ ఆక్యుపేషనల్ థెరపీకి తాత్విక పునాది వేస్తూ పని, ఆట, విశ్రాంతి, నిద్రల లయ గురించి రాశాడు. మన ‘పనీపాటా’ ఆ భావానికి చాలా దగ్గర.

మళ్లీ కర్త ప్రశ్నకు వస్తే, భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ప్రతి పనికీ ఐదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం (ఆధారం), కర్త, కరణాలు (సాధనాలు), చేష్టలు, దైవం. అంటే ఐదింటిలో కర్త ఒకడు మాత్రమే. విద్యార్థులకు నేర్పే పని విశ్లేషణ కూడా ఇంచుమించు ఇలాగే సాగుతుంది. చాయ్ పెట్టడాన్నే చూడండి. ఫిట్స్ భయం తీరాకే రోగిని పొయ్యి దగ్గరికి రానివ్వాలి. వణికే చేతిలో చెంచాడు చక్కెర గిన్నెలో పడేలోపు సగం పొయ్యి మీద ఒలుకుతుంది. అప్పుడు ‘జాగ్రత్త’ అని గద్దిస్తే లాభం లేదు. చెంచా తీసేసి చిన్న గ్లాసుతో పోయించాలి, మోచెయ్యి గట్టుకు ఆనించాలి. పాలు పొంగేదాకా చూపు నిలిచిందా అన్నది ఆ తర్వాతి మాట. సంకల్పం గట్టిపడేదాకా పనిని ఆపరు. పని కుదిరేకొద్దీ సంకల్పం మొలుస్తుంది. కర్తృత్వం ఇక్కడ పెట్టుబడి కాదు, రాబడి.

పన్నెండో శతాబ్దిలో బసవేశ్వరుని శరణులు, అంటే శివభక్తులు, కాయకాన్ని (శ్రమను) పూజతో సమానం చేశారు. వారిలో ఒకడైన ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరానికి మించి బియ్యం ఏరుకొస్తే, భార్య లక్కమ్మ తిప్పి పంపిందని కథ. అవసరానికి మించింది కాయకం కాదనే ఆ కథ థెరపిస్టులకూ పనికొస్తుంది: రోగితో ఊరికే చాకిరీ చేయించి దానికి చికిత్స అని పేరు పెట్టకూడదు. బీడీలు చుట్టే నిజామాబాద్ జిల్లాలో చేతిపని అనగానే తునికాకు, కత్తెర గుర్తొస్తాయి. వేళ్ల నేర్పుకు అది మంచి సాధనే. పొగాకు ముందు కూర్చోబెట్టి మత్తు మాన్పించడం మాత్రం చెల్లదు.

చివరికి గండం సాయంత్రమే. కల్లు దుకాణం కిటకిటలాడే ఆ రెండు గంటలకు ఏ పనీ రాయని దినచర్య పట్టిక, మిగతా గళ్లన్నీ నిండినా, అసంపూర్ణమే.