వినపడుతోందా?

మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. మనకి ఆదివారం పొద్దున్న ఏడయితే వాళ్ళకి శనివారం రాత్రి ఎనిమిదిన్నర. చలికాలం వస్తే ఏడున్నరే, ఎందుకంటే అక్కడ నవంబరులో గడియారాన్నే ఓ గంట వెనక్కి తిప్పేస్తారు. (గడియారం చేత మాట వినిపించుకునే దేశం మరి!) సరే, ఆ వేళకి మా ఇంట్లో కాఫీలు, స్నానాలు అన్నీ ఆగిపోతాయి. హాల్లో కంప్యూటరు ముందు నేనూ మావారూ బుద్ధిమంతుల్లా కూర్చుంటాం. ఫోనులోనూ కనపడతారు గానీ నా కళ్ళకి ఆ బుల్లి అద్దం ఆనదు. పెద్ద తెర మీద మనవడు పళ్ళూడిన నోటితో నవ్వుతుంటే ఆ వారానికి సరిపడా బలం వస్తుంది.

మొదట్లో మాకు స్పీకర్లుండేవి. రెండు మూడు వారాలయ్యాక అబ్బాయి, “అమ్మా, నేను మాట్లాడిందంతా మళ్ళీ నాకే వినిపిస్తోంది” అన్నాడు. మావారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ తప్పు ఎదుటి సీటుదే అని నమ్మిన మనిషి. “ఇక్కడ మాకు శుభ్రంగా వినపడుతోంది. నీ మిషనే చూపించుకో” అన్నారు. పాపం, వాడు అక్కడ వైర్లన్నీ మార్చుకున్నాడు. తీరా తేలిందేవిటంటే, వాడి గొంతు మా స్పీకర్లోంచి బయటికొచ్చి, మా మైకులో దూరి, తిరిగి వాడి దగ్గరికే పోతోందిట. తప్పు మాది, అవస్థ వాడిది. మా చెవులకి మాత్రం ఏ లోటూ లేదు.

దీనికి మందు చెవులకి తగిలించుకునే హెడ్‌సెట్. గొంతు చెవిలోనే ఆగిపోతుంది, మైకుదాకా పోదు. కొన్నాం. దానికి రెండు పిన్నులు. ఆకుపచ్చది వినడానికి, గులాబీరంగుది మాట్లాడడానికి. కంప్యూటరు డబ్బా వెనకాల కూడా అవే రంగుల్లో కన్నాలుంటాయి. 1999 ప్రాంతంలో కంప్యూటర్ల కంపెనీలవాళ్ళు కూడబలుక్కుని ఆ రంగులు ఖాయం చేశారట. ఎవరి ఆలోచనో గానీ ఇంట్లో ఆడవాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేసినట్టే ఉంది. పోపులపెట్టె పద్ధతి!

మాఘమాసంలో ఇంటికి సున్నాలు వేయించాం. బల్ల జరిపారు, వైర్లన్నీ పీకారు, తరవాత మావారే బల్ల కింద దూరి మళ్ళీ అన్నీ తగిలించారు. ఆ సంగతి అక్కడితో మరిచిపోయాం.

మా కోడలు మంచిపిల్ల. ఆ మాట అందరి దగ్గరా అంటాను. కానీ ఆ వేసవి నుంచీ నాకేదో తేడాగా తోచడం మొదలెట్టింది. నేను ఇంత పొడుగున కబుర్లు చెప్తే, “ఆహా, అవునా అత్తయ్యగారూ” అని ఊరుకునేది. వచ్చేనెల అక్కడికి వస్తున్న మా పెద్దాడపడుచు కూతురి చేత ఏమేం పంపమంటావని అడిగితే, “అలాగేనండీ” అంది. నేను ఒక మాట అన్నాక కాస్సేపు తెరమీద బొమ్మలా చూసి, అప్పుడు నవ్వేది. అక్కడి గాలి పట్టిందనుకున్నాను. మావారితో అనలేదు. అంటే, “నీ అనుమానాలు నువ్వూ” అంటారు.

ఆషాఢంలో ఒకనాడు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో ఏదో చేతికి తగిలింది. ఉసిరికాయంత గడ్డ. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే మరీ భయం. ఎవరితో చెప్పాలి? మావారు బి.పి. మనిషి. కొడుకుతో ఎలా చెప్తాం? ఆడపిల్ల లేదు నాకు. ఆ ఆదివారం అబ్బాయి బయటికి వెళ్ళాడు, మావారు పాలబ్బాయితో లెక్క తేల్చుకుంటున్నారు. కోడలొక్కతే ఉంది. గొంతు తగ్గించి, ఉన్న సంగతి చెప్పాను. చెప్పడానికి నాలుగు రోజులు మనసు కూడగట్టుకున్నాను సుమండీ.

ఆ పిల్ల తెరమీదనుంచి నన్ను చూసి నవ్వి, “మంచిదేగా అత్తయ్యగారూ!” అంది.

నేనింక ఒక్కముక్క మాట్లాడలేదు. హెడ్‌సెట్ తీసి మావారికిచ్చి వంటింట్లోకి పోయాను. ఆ తరవాత రెండు నెలలు ఎవరితోనూ ఏమీ అనలేదు. డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు. మన ప్రాణం ఎవరికీ అక్కర్లేనప్పుడు మనకెందుకులే అన్న ఒక దిక్కుమాలిన పంతం. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది గానీ, అప్పుడది పంతమని తెలియలేదు, అభిమానమనుకున్నాను.

వినాయకచవితి వారంలో ముడి విప్పింది మా అయిదేళ్ళ మనవడు. పత్రి పేర్లు చెప్తున్నాను వాడికి. “నానమ్మా, నువ్వు ఎప్పుడూ గర్ర్ మంటావు. ఏం వినపడదు” అన్నాడు. “తప్పు నాన్నా, పెద్దవాళ్ళని అలా అనకూడదు” అని వాళ్ళమ్మ గబుక్కున వాడి నోరు మూసింది. మూసిందని తెరమీద నాకు కనపడింది.

పై వాటాలో ఇంజనీరింగు చదివే కుర్రాణ్ణి పిలిచాను. వాడు ముందు మ్యూట్ నొక్కి ఉందేమో చూశాడు, లేదు. మైకు వాడుకోడానికి ఆ ప్రోగ్రాముకి అనుమతి ఉందా అని చూశాడు, ఉంది. తరవాత సెట్టింగుల్లో ఓ గీత చూపించి, “ఆంటీ, మీరు మాట్లాడితే ఈ గీత కదలాలి” అన్నాడు. నా నోటిదగ్గర మైకుని వేలితో టకటకా కొట్టాడు. గీత ఉలకలేదు. తెర నెత్తిన ఉన్న కెమెరాని ఒక్కసారి కొట్టాడు, గీత ఎగిరి గంతేసింది. ఆ కెమెరాకి సొంతంగా ఓ బుల్లి మైకుంటుందిట. కంప్యూటరు దాన్నే పట్టుకుని కూర్చుంది. ఎందుకని బల్ల కింద చూస్తే, ఆకుపచ్చ పిన్ను దాని కన్నంలోనే ఉంది, గులాబీరంగు పిన్ను మాత్రం పక్కనున్న నీలం కన్నంలో ఉంది. మాఘమాసం నుంచీ! (మావారు ఈనాటికీ తాను సరిగ్గానే పెట్టానంటారు.)

తియ్యకముందు ఓ నిమిషం రికార్డు చేసి వినిపించాడు. ఫ్యాను గాలి హోరు, వీధిలో ఆటో, కుక్కరు కూత, మధ్యమధ్య నీళ్ళలో మునిగినట్టు ఎవరిదో గొంతు. అందులోనూ ఆ ప్రోగ్రాము తెలివి మీరి, ఫ్యాను చప్పుడు తీసెయ్యబోయి దాంతోపాటు నా మాటలు కూడా ముక్కలు ముక్కలుగా కోసేస్తోందిట. ఇన్నాళ్ళూ ఆ పిల్ల విన్నది ఇదన్నమాట. నాకేమో వాళ్ళ మాటలు గంటకొట్టినట్టు వినపడేవి. అంచేత నావీ అలాగే వినపడుతున్నాయనే ధీమాతో ఉన్నాను. నాకు వినపడ్డానికీ, నేను వినపడ్డానికీ తీగలు వేరని ఎప్పుడూ తట్టలేదు.

పిన్ను మార్చాక మళ్ళీ రికార్డు చేశాడు. ఈసారి నా గొంతు చక్కగా వినిపించింది. “ఏవండీ, ఆ పేపరు అవతల పడేసి కాస్త ఫ్యాను కట్టెయ్యండి” అన్నాను కదా, ఎంత కర్కశంగా ఉందో! నేను చాలా మెత్తగా అంటున్నాననుకునేదాన్ని, నలభై ఏళ్ళనుంచి.

ఆ ఆదివారం ముందుగా కోడల్నే పిలిచి, “ఎప్పటినుంచీ వినపడటం లేదమ్మాయ్?” అన్నాను. తల దించుకుంది. “చాన్నాళ్ళయిందండీ.” మరి చెప్పలేదేం? చాలాసేపు నసిగి, చివరికి అంది: “ఒకసారి మూడుసార్లు వినపడలేదన్నాను అత్తయ్యగారూ. నీకు చెవుడేమిటే అన్నారు. కష్టపెట్టుకున్నారేమోనని తరవాతనుంచీ మీ మొహం చూసి, నవ్వితే నవ్వేదాన్ని, లేకపోతే అలాగే అనేదాన్ని.” నేనన్నానా? అనే ఉంటాను. నాకు గుర్తులేదు, దానికి గుర్తుంది.

ఆనాడు చెప్పిందేమిటో అప్పుడు మళ్ళీ చెప్పాను. ఆ పిల్ల మొహం పాలిపోయింది. మర్నాడు ఇక్కడ పొద్దున్న పదయ్యేసరికి, అక్కడ అర్ధరాత్రి నిద్ర మానుకుని, ఫోనులో నా వెంటే ఆస్పత్రికొచ్చింది. ఫోటో తీశారు, సూదితో పరీక్ష చేశారు. వట్టి కొవ్వుగడ్డట. అలాంటి గడ్డల్లో చాలామట్టుకు ప్రమాదం లేనివేనని డాక్టరమ్మ చెప్తూనే, “కానీ అది తేల్చాల్సింది మేము, మీరు కాదు. రెండు నెలలు ఎందుకాగారు?” అని చివాట్లు పెట్టింది. ఏం చెప్పను? నీలం కన్నం కథ చెప్పనా?

అప్పట్నుంచీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. వినపడకపోయినా విన్నట్టు తలాడించడం అబద్ధమా, మర్యాదా? మన ఇళ్ళల్లో దాన్ని మర్యాదనే నేర్పారు. పెద్దవాళ్ళని రెండోసారి అడక్కూడదు. మా అత్తగారికి నోట్లో పళ్ళు లేని రోజుల్లో ఆవిడ చెప్పింది సగం అర్థంకాకే తలాడించాను నేను. కాబట్టి కోడలిది అబద్ధమంటే నాదీ అబద్ధమే. పోనీ మర్యాదేనందామా అంటే, ఆ మర్యాదకి నేను కట్టబోయిన ఖరీదు గుర్తొస్తే ఒళ్ళు ఝల్లుమంటుంది. పైగా ఆ మర్యాదలో సగం భయమే కదా. నిజం చెప్తే విసుక్కునే మనిషికి నిజం చెప్పమనడం ఏం న్యాయం? వినపడలేదని చెప్పే దారిని నేనే మూసేసి, చెప్పలేదని దానిమీదే కోపం పెట్టుకున్నాను.

నా తప్పు ఇంకోటుంది, అది ఇంతకంటే పెద్దదనుకుంటాను. మిషను చేసిన పనికి నేను మనిషికి గుణం అంటగట్టాను. ఇది నా ఒక్కదాని జబ్బు కాదుట. 2014లో జర్మనీలో కొందరు పరిశోధకులు ఫోను మాట కావాలని కాస్త ఆలస్యంగా అందేలా చేసి చూశారు. సెకను పైచిలుకు తేడాకే మాట్లాడేవాళ్ళు లైను బాగాలేదనుకోకుండా అవతలిమనిషికి శ్రద్ధ లేదు, కలుపుగోలుతనం లేదు అనుకున్నారట. రాజమండ్రికీ డాలస్‌కీ మధ్య సుమారు 14,000 కిలోమీటర్లు. గాజుతీగలో వెలుగు సెకనుకి 2 లక్షల కిలోమీటర్లే పోతుంది, ఆ తీగలు తిన్నగానూ ఉండవు, దారిలో మిషన్లు మరికొంత తింటాయి. ఆ పిల్ల బొమ్మలా చూసి అప్పుడు నవ్విన ఆ క్షణంలో కొంత సముద్రానిది. నేనది మొత్తం దాని ఖాతాలో రాసుకున్నాను.

టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ తల్లికి సరిగా వినపడేది కాదు. అందరూ ఆవిడ చెవిగొట్టంలో అరిచేవాళ్ళట. ఈయన మాత్రం ఆవిడ నుదుటికి దగ్గరగా నోరు పెట్టి మెల్లిగా మాట్లాడేవాడని చెప్తారు. భార్య మేబెల్‌కి అయిదేళ్ళప్పుడు జ్వరమొచ్చి వినికిడి పూర్తిగా పోయింది. 1876లో ప్రపంచానికంతటికీ దూరాన్నుంచి వినే మిషను ఇచ్చిన మనిషి, భార్యతో మాట్లాడాలంటే పెదాలు కనపడేలా ఎదురుగా కూర్చోవలసిందే. ఆయనకి ఈ రెండువైపుల తీగల సంగతి ఇంట్లోనే తెలిసుంటుంది. నాకు మాత్రం పై వాటా కుర్రాడు బల్ల కింద దూరితే గానీ తెలియలేదు.

ఇప్పుడు మా కోడలు నిర్మొహమాటంగా, “వినపడలేదత్తయ్యగారూ, మళ్ళీ చెప్పండి” అంటుంది. మొన్న ఆదివారం నాలుగుసార్లంది. మూడుసార్లు మళ్ళీ చెప్పాను. నాలుగోసారి నేనన్నది, మనవడికి అయిదేళ్ళొచ్చాయి కదా, వాడికో చెల్లెలు కావద్దూ అని. వినపడలేదంది. గులాబీరంగు పిన్ను దాని కన్నంలోనే ఉంది, గీత చక్కగా కదులుతోంది. నేను మళ్ళీ అడగలేదు.