త్రాసును తూచునదేది?

పియానోకు శ్రుతి చేయువారిలో పలువురు నేడు కంప్యూటరును వెంటగొని పోవుచున్నారు. తంత్రి మ్రోగినంతనే, అది ఎన్ని సెంట్లు హెచ్చినదో తగ్గినదో తెరపై దశాంశముతో సహా కనబడును. సెంటనగా స్థాయిలో 1200వ వంతు. ఇంత నిష్కర్షగా పలుకు యంత్రము నిజమే పలుకుచున్నదనుటకు సాక్షి యెవరు? అది సౌండుకార్డులోని స్ఫటికపు స్పందనను నమ్మి, సెకనుకు 44,100 మారులు నాదమును గ్రహించుచున్నానని తలచి లెక్కకట్టును. ఆ స్ఫటికము వేయింట ఒక పాలు వడిగా నడచినచో, సరియైన తంత్రియే ఒకటిన్నర సెంట్లకు పైగా తగ్గినట్లు చూపబడును. వింత యేమనగా, అదే కార్డు తాను పుట్టించిన స్వరమును తానే విన్నయెడల దోషము లవలేశమైనను కానరాదు. వక్తయు శ్రోతయు ఒకే గడియారమునకు లోబడినవారు గదా!

ఈ చిక్కు మన తార్కికులకు క్రొత్తది కాదు. ప్రమేయములు ప్రమాణములచే సిద్ధించునందురే, ఆ ప్రమాణములు దేనిచే సిద్ధించునని నాగార్జునుడు విగ్రహవ్యావర్తనియందు నిలదీసెను. వేరొక ప్రమాణముచే నన్నచో అనవస్థ, దేనిచేతను కాదన్నచో ప్రతిజ్ఞాభంగము. గౌతముని న్యాయసూత్రములు త్రాసును చూపి బదులిచ్చినవి: బంగారమును తూచు త్రాసే, శంక పుట్టినపుడు, తూకమెరిగిన బంగారముచే పరీక్షింపబడునని వాత్స్యాయనుని వివరణము.

శ్రుతికారుడు చేయునదియు నిదియే. అమెరికాలో కొలరాడోయందలి ఫోర్ట్ కాలిన్సు నుండి డబ్ల్యు.డబ్ల్యు.వి. యను ప్రభుత్వ రేడియో కేంద్రము ప్రాయికముగా గంటకొకమారు 440 హెర్ట్జుల నాదమును ప్రసారము చేయును. శ్రుతికారుడు దానిని కంప్యూటరునకు వినిపించి, తెరపై కనబడిన తేడాను సవరణగా నెక్కించును. 440 అను సంఖ్య మాత్రము 1939 నాటి లండను సమావేశపు ఒడంబడికయే గాని ప్రకృతి శాసించినది కాదు.

చెవి మాటయో? రెండు తంత్రులు ఏకస్వరమునకు రాగా విస్పందనములు శమించుటను అది ఎవరి సాక్ష్యమును కోరకయే గుర్తించును. జ్ఞానము తనంతట తానే ప్రమాణమను మీమాంసకుడు కుమారిలుని స్వతఃప్రామాణ్యవాదమున కంతకన్న అనుకూలమైన ఉదాహరణము నాకు తోచదు. అయినను అదే చెవి, ఉక్కుతంత్రి బిరుసుచే ఉపస్వరములు హెచ్చుటవలన, పియానో స్థాయిని గణితమిచ్చిన రెట్టింపుకంటె రవంత సాగదీయుమని కోరును! సామరస్యమును తీర్పుజేయ సమర్థమే గాని, 440 ఎచ్చట నున్నదో చెప్పుట దాని తరము కాదు.

అందుకు రేడియో కేంద్రమే శరణ్యము. ఆ కేంద్రమునకు పరమాణు గడియారములు శరణ్యములు. 1967లో సెకనును సీజియం పరమాణువు వెలువరించు వికిరణపు 9,192,631,770 ఆవర్తనములుగా నిర్వచించిరి గనుక శంక అచ్చటితో తీరునని తోచును. నిర్వచనము తప్పదు, నిజమే, గడియారము తప్పును. ప్రామాణ్యము పరతః, అదియు జ్ఞానము కలిగిన పిమ్మట సఫలప్రవృత్తిచే నిశ్చయమగునన్న నైయాయికుల పక్షమే ఇట నాకు బలవత్తరముగా దోచుచున్నది. ఏలయన, పారిసు చెంత సెవ్రునందలి అంతర్జాతీయ తూనికలు కొలతల కార్యాలయము పలు దేశముల ప్రయోగశాలలందలి వందలాది గడియారములను పోల్చి, తూచి, సగటు కట్టి, ఒక్కొక్క మాసమున ఏ ప్రయోగశాల కాలము ఎంత తొలగినదో ఆ మాసము గడచిన తరువాతనే పత్రముగా ప్రకటించును.