క్షౌరపు కుంచె – జీవకారుణ్య విచారము

ధర్మసూక్ష్మము రాజ్యపరిత్యాగములందును, మహాసంగ్రామములందును మాత్రమే ఎదురగునని పలువురు తలంతురు. ఉదయమున అద్దము ముందు నిలిచి గడ్డము గీసికొను గృహస్థుని చేతిలోని చిన్న కుంచెయందును అది ఇమిడియున్నది. సబ్బు నురుగు పట్టించుటకు పంది వెంట్రుకల బ్రష్షు కొనవలెనా, బ్యాడ్జరు వెంట్రుకల బ్రష్షు కొనవలెనా అను ప్రశ్న పైకి అంగడి బేరము వలె కానవచ్చును. లోతుగా చూచినచో అది మానవుని సుఖమునకును, మూగప్రాణి బ్రదుకునకును గల సంబంధమును గూర్చిన ప్రశ్న.

ముందుగా ఈ రెండింటి గుణములను తెలిసికొనవలెను. పంది వెంట్రుక బిరుసైనది. అది నీటిని తనలోనికి పీల్చుకొనును గనుక వాడుటకు ముందు కొన్ని నిమిషములు గోరువెచ్చని నీటిలో నానవేయవలెను. క్రొత్తలో కొంత వాసన యుండును. కొన్ని వారములు వాడిన పిదప వెంట్రుకల కొనలు చీలి మెత్తబడును. వెల తక్కువ. ఇటలీ దేశపు క్షౌరశాలలలో ఇదియే చిరకాలముగా వాడుకలో నున్నది. బొలోన్యా నగరమున ఒమేగా సంస్థ 1931లో స్థాపింపబడి ఇట్టి కుంచెలకు పేరుగాంచినది.

బ్యాడ్జరు బొరియలు త్రవ్వుకొని రాత్రివేళ సంచరించు జంతువు. ఐరోపా జాతికి ముఖముపై నలుపు తెలుపు చారలుండును. దాని వెంట్రుకలు తమ నడుమ నీటిని చక్కగా నిలుపుకొనును. మొదటి దినము నుండియే మెత్తగా నుండును. ప్యూర్, బెస్ట్, సూపర్, సిల్వర్‌టిప్ అని వర్తకులు తరగతులు ఏర్పరచి, మెత్తదనము పెరిగినకొలది వెల పెంచుదురు. ఆ వెలలో కొంత మెత్తదనమునకు, కొంత హోదాకు. చేయి తిరిగినవానికి రెండింటితోను మంచి నురుగే వచ్చును. కావున తేడా అవసరములో లేదు. సుఖములో మాత్రమే కలదు.

ఇక వెంట్రుక వచ్చు చోటు. ఇంగ్లీషువారు 'బోర్' అని పేరు పెట్టినను, ఈ వెంట్రుక మిక్కిలిగా పెంపుడు పందులదే. ఆ జంతువు మాంసమునకై చంపబడును. వెంట్రుక మిగిలిన వస్తువు. కుంచెలు చేయుట మానినంత మాత్రమున పంది బ్రదుకదు. బ్యాడ్జరు సంగతి వేరు. బ్రిటనులో 1973లోను, మరల 1992లోను చేసిన చట్టములు ఆ జంతువునకు రక్షణ కల్పించినవి. వ్యాపారమునకు వెంట్రుక ప్రధానముగా చైనా నుండి వచ్చుచున్నది. అచ్చటి పెంపక కేంద్రములలో బ్యాడ్జరులను ఇరుకు బోనులలో నుంచి క్రూరముగా చంపుచున్న దృశ్యములను 2018లో పేటా సంస్థ వెల్లడించెను. అది కూడ మాంసమునకై చంపినదే యని కొందరు వర్తకులందురు. కాని అంత వెల పలుకు వెంట్రుక ఆ పెంపకమునకు ప్రోత్సాహము కాదనుట తర్కమునకు నిలువదు.

అట్లని పంది వెంట్రుక నిర్దోషమా? మాంసము ముట్టని శాకాహారి కబేళా నుండి వచ్చిన వెంట్రుకను ప్రతిదినము ముఖమునకు తాకించుకొనుట సమంజసమా? మిగులు వస్తువునకు లభించు వెల స్వల్పమైనను, అది వధించువాని లాభములోనే చేరును. దోషము లేదనుట వేరు. దోషము తక్కువ యనుట వేరు. ఈ రెండింటిని కలిపి మాటాడుట ఆత్మవంచన. చెప్పులు తొడుగువారందరును ఈ చిక్కునందే యున్నారు. తక్కువ దోషమును ఎన్నుకొనుట వివేకము. దానిని పుణ్యమని చెప్పుకొనుట అవివేకము.

ఇందు వర్తకుని బాధ్యతయు కలదు. వస్తువులోని పదార్థము దాచబడినచో మనస్సాక్షికి ఎన్నికయే యుండదు. 1857లో తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిరను అనుమానమే సిపాయిల హృదయములను మండించెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున బ్యాడ్జరు వెంట్రుక దొరకక, గుర్రపు వెంట్రుకలను దానివలె కనబడునట్లు చేసి అమ్మిరి. శుద్ధి చేయని ఆ కుంచెల మూలమున అమెరికా, బ్రిటనులలో ఆంత్రాక్సు వ్యాధి సోకి కొందరు ప్రాణములు కోల్పోయిరి. అసత్యము మనస్సునే గాక దేహమును గూడ గాయపరచునని ఆ ఉదంతము చాటుచున్నది.

మూడవ మార్గమొకటి కలదు. 1938లో అమెరికాలో నైలాను కుచ్చుగల దంతధావన బ్రష్షు వెలువడి, పంది వెంట్రుకలను క్రమముగా తొలగించెను. నేడు క్షౌరమునకును మెత్తని కృత్రిమపు పోగుల కుంచెలు లభించుచున్నవి. నానవేయ పనిలేదు, త్వరగా ఆరును. అది మట్టిలో కలిసిపోదను ఆక్షేపణ సత్యమే. కాని ఒక్క కుంచెను జాగ్రత్తగా ఏండ్ల తరబడి వాడినచో ఆ భారము స్వల్పము. ప్రాణితో పోల్చదగినది కాదు.

కఠినమైన సందర్భ మింకొకటి. విదేశమున నున్న కుమారుడు ప్రేమతో తండ్రికి బ్యాడ్జరు కుంచె పంపెననుకొందము. తిప్పి పంపిన బిడ్డ మనస్సు నొచ్చును. ఆ జంతువు తిరిగి రాదు. స్వీకరించి వాడినచో క్రొత్త హింస యేమియు జరుగదు; కాని మౌనముగా నున్నచో మరుసటి ఏట మరియొకటి వచ్చును. కావున ఆ తండ్రి కానుకను ఆదరముతో గ్రహించి, అది అరుగువరకు వాడి, ఇకమీదట అట్టిది కొనవలదని కుమారునకు మృదువుగా తెలుపుట యుక్తము. జీవకారుణ్యము పేర మనుష్యుని నొప్పించుట కారుణ్యము కాదు. మనుష్యుడు నొచ్చునని సత్యమును దాచుటయు కాదు.

ఇంట నున్న కుంచెను పారవేయ పనిలేదు. అరుగువరకు వాడుటయే ఆ ప్రాణికి చేయదగిన కనీస గౌరవము. క్రొత్తది కొనునపుడు మాత్రము బ్యాడ్జరును విడువవలెను. వెంట్రుకయే కావలెనన్నవాడు పంది వెంట్రుకను దాని దోషముతో సహా ఎరిగి గ్రహించవలెను. ప్రాణిహింసకు దూరముగా నుండగోరువానికి కృత్రిమపు కుంచె కలదు. అదియు వలదన్నచో రెండు అరచేతులు కలవు. చెక్కిలికి తగులు మెత్తదనము కొలది నిమిషములది. దానికి మరియొక ప్రాణి ఎంత చెల్లించెనో అడిగి తెలిసికొనుట కొనువాని విధి.