దొంగలబాట

మా నాయనమ్మకు సర్వే నంబర్లు తెలియవు. వెలిమెలలో మా భూమి ఆమె లెక్కలో మూడు ముక్కలు: చింతచెట్టు చెలక, మోటబాయి మడి, దొంగలబాట. పాసుపుస్తకంలో ఈ పేర్లు లేవు, అంకెలే ఉన్నాయి. ఇప్పుడు అక్కడ వెంచర్ పడి, ఆ అంకెలూ పోయి ప్లాటు నంబర్లు వచ్చాయి.

"దొంగలబాట అని ఎందుకన్నరు నాయనమ్మా?" అని పోయిన దసరాకు అడిగాను.

"ఎడ్లను ఎత్కపోయేటోళ్లు ఆ తొవ్వనే పోయేటోళ్లు బిడ్డా. మెడల గంటలల్ల గుడ్డలు కుక్కి తోల్కపోతరు. మీ తాత పదమూడేండ్ల పోరడు, జొన్నచేను కావలికి మంచె మీద పండుకున్నడు. నడిరాత్రి డెక్కల సప్పుడు ఇనొస్తున్నది, గంటల సప్పుడు లేదు. బయపడి బోర్ల పండుకున్నడట. తెల్లారి ఎవ్వరికీ చెప్పలే. పెండ్లయినంక నాకొక్కదానికే చెప్పిండు."

ఫోన్లో రికార్డు చేసుకున్నాను. గొప్ప పని చేశాననుకున్నాను. ఆరు నెలలైనా దాన్ని ఒక్కసారీ తెరవలేదు.

మా ఊరికి దగ్గర్లోనే, పటాన్‌చెరులో, 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ ఉంది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాల నమూనాలు లక్షకు పైగా అక్కడి జన్యు బ్యాంకులో ఉన్నాయి. ఎన్నో దేశాల రైతులు తరతరాలుగా కాపాడుకున్న గింజలవి. గడ్డకట్టే చలిలో దాస్తారు. అయితే గదిలో పెట్టి తాళం వేస్తే పని అయిపోదు. ఎప్పటికప్పుడు కొన్ని గింజలు తీసి మొలక చూస్తారు. మొలక తగ్గిందంటే మళ్లీ చేలో వేసి కొత్త విత్తనం తీస్తారు. ఈ సంగతి తెలిసిన రోజు నా ఫోన్ గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

మన పెద్దలు కథను తాళం వేసి పెట్టలేదు. రెడ్ల గోత్రాలు చెప్పడానికి పిచ్చుకుంట్లవాళ్లు, గొల్లలకు కాటమరాజు కథ చెప్పడానికి మందెచ్చులవాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పడానికి డక్కలివాళ్లు ఊరూరా తిరిగేవాళ్లు. వచ్చిన ప్రతిసారీ కథ మళ్లీ మొలిచేది. కళ్లంలో గింజలున్నన్నాళ్లు వాళ్లకు పెట్టే చెయ్యి ఉండేది. 1960లలో రామచంద్రాపురానికి బీహెచ్ఈఎల్ వచ్చింది, తర్వాత చుట్టూ కంపెనీలు వచ్చాయి. నెలజీతాల ఇళ్లలో కళ్లం లేదు, గడపలో కథ వినే తీరికా లేదు. అయినా ఒక మాట చెప్పాలి: ఆ గోత్రాల వరసలో తాత పేరు ఉంటుందేమో గానీ నాయనమ్మ పేరు ఉండదు. తాత భయపడ్డ రాత్రి అసలే ఉండదు. అలాంటివి ఇంట్లోవాళ్లే చెప్పుకోవాలి.

మొన్న మావాడికి ఫోన్ ఇవ్వకుండా, కరెంటు పోయినప్పుడు చీకట్లో నేనే చెప్పాను. గంటల్లో గుడ్డలు కుక్కారనగానే వాడు ఊపిరి బిగబట్టాడు. మర్నాడు వాళ్ల చెల్లికి వాడే చెబుతున్నాడు. తాత వయసు పదమూడు కాదు, తొమ్మిదయింది. వాడికి తొమ్మిదేళ్లు. నేను దిద్దలేదు.

మీ చెలకలకూ పేర్లుండే ఉంటాయి. అవి తెలిసినవాళ్లు ఇంట్లో ఉంటే ఇవాళే అడగండి. విన్నది రాత్రికి పిల్లలకు మీ నోటితో చెప్పండి.